దయామణిగారి తెల్లగుడ్డ

“జాడీకి పూసేదాన్ని తెచ్చి కారుకి పూయించటమేంటే?”

“జాడీ కాదు నాయనమ్మా. సిరామిక్.”

“మనింట్లో ఉసిరికాయ పచ్చడి దేంట్లో ఉంది? సిరామిక్ జాడీ అని చెప్పే కదా అమ్మాడు. కిందపడితే ముక్కలయ్యేది కారుకెందుకు?”

“నువ్వు ఇంట్లో ఉన్నా బాగుండేది.”

“ఉండేదాన్నే. తోడు రమ్మని పొద్దున్నే తల దువ్వింది ఎవరు?”

బాపట్లలో కార్లకు మెరుగు పెట్టే ఒక షెడ్డులో నేనూ, మా మనవరాలు కీర్తనా ఇలా వాదించుకుంటుంటే ఆ షెడ్డు యజమాని వెంకట్రావు పక్కనే నిలబడి వింటున్నాడు. నలభై దాటిన మనిషి. ఎవరి వైపు మాట్లాడినా చిక్కేనని తెలిసినవాడిలా చేతిలో గుడ్డని మడతపెట్టి విప్పుతున్నాడు. కీర్తన మా పెద్దబ్బాయి కూతురు. రేపల్లెలో ఉద్యోగం. తెనాలి నుంచి రోజూ కారులో వెళ్ళివస్తుంది. తన జీతంతో కొనుక్కున్న కారు, ముదురు నీలం, ఇంకా ఏడాది నిండలేదు. అటు ఉప్పుగాలికి రంగు వెలిసిపోతుందని దాని దిగులు. తెనాలిలోనే రెండు చోట్ల అడిగింది. ఒకతను మైనం రాస్తే చాలన్నాడు. ఇంకొకతను కారంతటికీ పలచటి ప్లాస్టిక్ తొడుగు అతికించమన్నాడు. మూడో మాట విందామని బాపట్ల వచ్చాం.

వెంకట్రావు సిరామిక్ పూత మందు మూడు చిన్న సీసాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఏడాది ఉంటుందట, ఒకటి మూడేళ్ళు, ఒకటి ఐదేళ్ళు. మూడింట్లోనూ నీళ్ళలాంటి మందే కనిపించింది నాకు. ఐదేళ్ళది పూస్తే గీత పడదా అని అడిగాను. పడుతుందండి అన్నాడు. రాయి తగిలితే? సొట్ట పడుతుందండి అన్నాడు. మరి గట్టిది అన్నావుగా అంటే, ఆ గట్టితనాన్ని పెన్సిళ్ళతో గీసి కొలుస్తారని చెప్పాడు. ఇన్ని లక్షల కారుని బడిపిల్లల పెన్సిలుతో కొలవటమేంటో నాకు అంతుపట్టలేదు. నీళ్ళు నిలవకుండా జారిపోతాయని, మురికి తొందరగా పట్టదని, ఎండకి రంగు నిలుస్తుందని నెమ్మదిగా చెప్పాడు. ఇవన్నీ చేసేది కంటికి కూడా కనపడదట. కనపడనిదానికి డబ్బివ్వటం నాకు అలవాటు లేదు. నేను చదివింది మూడో తరగతి. ఏదైనా చేత్తో పట్టుకుంటే తప్ప అర్థం కాదు.

అది గ్రహించాడో ఏమో, వెంకట్రావు ఒక పలచటి పాలిథిన్ కవరు తెచ్చి, “మామ్మగారూ, ముందు ఉత్త చేత్తో తలుపు తడమండి,” అన్నాడు. తడిమాను. నున్నగా ఉంది. “ఇప్పుడు ఈ కవరులో చెయ్యిపెట్టి అక్కడే తడమండి,” అన్నాడు. తడిమాను. వేళ్ళ కింద గరగరలాడింది. సన్న ఇసుక చల్లి అంటించినట్టుంది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ పెట్టాను. అదే గరగర. రోడ్డు దుమ్ము, బ్రేకుల ఇనుప రజను రంగులోకి దిగి కూర్చున్నాయని, వాటిని మందుతో, మట్టిముద్దలాంటిదానితో లాగేసి, పాలిష్ పట్టి, అప్పుడే పూత వెయ్యాలని అతను చెబుతూనే ఉన్నాడు. నాకు అతని మాట వినపడటం మానేసింది. ఆ గరగర యాభై ఏళ్ళ క్రితం నా వేళ్ళకు తెలిసినదే. అది నేర్పిన మనిషి ఇదే బాపట్లలో ఉండేది.

ఆవిడ పేరు దయామణిగారు. ఆడపిల్లల హాస్టలుకి పెద్దదిక్కు. పిట్టలవానిపాలెం దగ్గర నుంచి నన్ను మా అమ్మ తీసుకొచ్చి అక్కడ వంటింట్లో అప్పజెప్పినప్పుడు నాకు పదహారేళ్ళు. దయామణిగారు సన్నగా, పొడుగ్గా ఉండేది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కట్టే తెల్లచీరే మిగతా రోజుల్లోనూ కట్టేది. అది వేరే చీరని మాకు చాలాకాలం తెలియదు. అన్నీ ఒక్కలాగే ఉండేవి. హాస్టల్లో అరవైమందికి పులుసు కాచే ఇత్తడి గుండిగలు నాలుగుండేవి. కొన్ని నెలలకోసారి మస్తాన్ సాయిబుగారు వచ్చి వాటి లోపల తగరం కరిగించి పూసి కళాయి పోసేవాడు. మామూలుగా తోముకునే పని కూడా కళాయి పోసేవాళ్ళదే. దయామణిగారు ఒప్పుకునేది కాదు. తోమి ఇవ్వటం మన వంతు, పూయటం ఆయన వంతు అనేది.

చింతపండూ ఇసుకా వేసి భుజాలు పడిపోయేలా తోమి, కడిగి, ఆరబెట్టి పిలిస్తే, ఆవిడ ఒక పాత తెల్ల మల్లుగుడ్డ చేతికి చుట్టుకుని వచ్చేది. గుండిగలోకి మోచెయ్యి దాకా పెట్టి తడిమేది. ఉత్త చేతికి తెలియని గరుకు గుడ్డలోంచి తెలుస్తుందని నాకు చూపించింది ఆవిడే. ఆ తర్వాత గుడ్డని వెలుతురులో పట్టుకుని చూసేది. తెల్లగా ఉంటే మస్తాన్ సాయిబుగారి కొలిమి దగ్గరికి, లేకపోతే మళ్ళీ చింతపండు దగ్గరికి. శుభ్రంగానే ఉందమ్మగారూ అని ఒకసారి నేను అన్నాను. “నువ్వు చెప్పటం కాదు సుగుణా, గుడ్డ చెప్పాలి,” అంది. కోపం లేదు ఆ మాటలో. కానీ ఇప్పటికీ నేను బియ్యం కడిగినా, మంచినీళ్ళ బిందె తోమినా, ఎవరో వెనక నిలబడి గుడ్డ చుట్టుకుంటున్నట్టు ఉంటుంది. మా కోడళ్ళు నన్ను గయ్యాళి అనుకుంటే అనుకోనీ. ఆ గయ్యాళితనం నాది కాదు, నాకు అప్పగించింది.

“ఇదేంటండీ ఇక్కడ?” అని వెంకట్రావు అనటంతో ఈ లోకంలోకి వచ్చాను. అతను చేతిలో టార్చిలైటుతో ముందు బోనెట్ మీదకి వంగి ఉన్నాడు. ఆ వెలుతురులో అరచేయి అంత మేర సన్నటి గీతలు, సుడులు తిరిగి, ఒకదాని మీద ఒకటి. మామూలుగా చూస్తే ఏమీ కనపడదు. “ఎవరో పీచుతో గట్టిగా రుద్దారండి. దీని మీద అలాగే పూత వేస్తే గీతలు లోపల ఉండిపోతాయి. పైన మెరుపు పెరిగేసరికి ఇంకా బాగా కనపడతాయి. ఒకరోజు ఎక్కువైనా పాలిష్‌తో తియ్యాలి,” అన్నాడు.

కీర్తన మొహం నల్లబడింది. “యేసురత్నం,” అంది.

యేసురత్నం మా వీధిలో నాలుగైదు కార్లు కడుగుతాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పొద్దున్నే బకెట్టుతో వస్తాడు. “రేపటి నుంచి రావద్దని చెప్పేస్తాను. వీధిలో వాళ్ళకీ చెప్తాను. ఎన్ని కార్లు ఇలా చేశాడో,” అంది.

పోయిన వారం యేసురత్నం చేబ్రోలులో ఎవరో బంధువు పోయారని రాలేదు. కారు బోనెట్ మీద కాకి రెట్ట వేసింది. కారు కడగటానికి నెలనెలా ఒక మనిషి దేనికి, రెండు చేతులున్నాయిగా అని నేను ఎప్పుడూ సణుగుతూనే ఉంటాను. చేసి చూపిద్దామనుకున్నాను. కొబ్బరిపీచు, సబ్బుపొడి తీసుకుని గుండిగ తోమినట్టే తోమాను. తళతళలాడింది. సంతోషించాను కూడా. అవి గీతలని ఆ టార్చిలైటు పడేదాకా నాకు తెలియదు. తెలిశాక నోరు ఎందుకు పెగల్లేదో అదీ నాకు తెలియదు. మనవరాలి ముందు చిన్నతనమా, ఇన్నాళ్ళ సణుగుడు తిరిగి నా మీదకే వస్తుందనా? వచ్చే సోమవారం కారు తెస్తామని కీర్తన చెబుతుంటే, నేను ఆ మూడు సీసాల వంక చూస్తూ నిలబడ్డాను.

తెనాలి వెళ్ళే దారి పొడుగునా కీర్తన మూడేళ్ళదా ఐదేళ్ళదా అని తనలో తనే లెక్కలు వేసుకుంది. నాకు మస్తాన్ సాయిబుగారే కళ్ళముందున్నాడు. ఒకసారి పెద్ద గుండిగ అడుగున, అంచు మలుపులో, పచ్చటి చిలుము మచ్చ ఒకటి ఎంతకీ వదల్లేదు. వేళ్ళు పగిలి రక్తం కారుతోంది. దయామణిగారికి ఆ రోజు జ్వరం. మంచం మీద నుంచే, గుడ్డతో తుడిచి తీసుకురా అంది. మచ్చ ఉన్న చోటు వదిలేసి, మెరుస్తున్న చోట తుడిచి తీసుకెళ్ళాను. గుడ్డ తెల్లగా ఉంది. ఆవిడ తల ఊపింది. చిలుము మీదే కళాయి పడింది. చూడటానికి వెండిలా ఉంది. కొన్నాళ్ళకి అక్కడ పెచ్చు లేచింది. పులుసు చేదెక్కింది, పిల్లలు వాంతులు చేసుకున్నారు. పులుసంతా పారబోయించి, దయామణిగారు మస్తాన్ సాయిబుగారిని పిలిపించింది. తగరంలో సీసం కలిపారా అని అడిగింది. “నా తగరం మంచిదేనమ్మా,” అన్నాడాయన. ఇక రావద్దంది. ఆయన కొలిమి తిత్తి చుట్టుకుని, గేటు తీసి, మళ్ళీ మూసి వెళ్ళిపోయాడు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

ఆ తర్వాత వేరే మనిషి వచ్చేవాడు. అప్పటి నుంచి దయామణిగారు గుండిగలు తడమటం మానేసి, ప్రతిదీ నా చేతే తుడిపించేది. నమ్మకమా, శిక్షా? నేను అడగలేదు. నాకు పెళ్ళి కుదిరి రేపల్లె వెళ్ళిపోయే రోజున ఆ మల్లుగుడ్డని రెండుగా చింపి సగం నాకిచ్చింది. “చూపించే చోట ఎవరైనా తుడుస్తారు సుగుణా. చూపించని చోట తుడువు,” అంది. ఆవిడకి తెలిసే అందా? తెలిస్తే మస్తాన్ సాయిబుగారిని మళ్ళీ ఎందుకు పిలవలేదు? లేక నా అంతట నేనే చెబుతానని ఎదురుచూసిందా? ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. చెప్పేవాళ్ళు లేరు. ఆ గుడ్డ మాత్రం నా పెట్టె అడుగున, పసుపు తిరిగి, ఇంకా ఉంది.

మర్నాడు ఆరింటికి యేసురత్నం బకెట్టుతో వచ్చాడు. కీర్తన చెప్పులు వేసుకుంటోంది. నేను దానికంటే ముందు గేటు దాకా వెళ్ళి, కొబ్బరిపీచు చేతిలో పట్టుకునే, రుద్దింది నేను అని చెప్పాను. కీర్తన గుమ్మంలోనే ఆగిపోయింది.

యేసురత్నం పీచు వంక చూశాడు. “నాకు తెలుసు మామ్మగారూ. చేబ్రోలు నుంచి వచ్చిన రోజే చూశాను, పంపు దగ్గర పీచుకి కాకి రెట్ట అంటుకుని ఉంది,” అన్నాడు.

“మరి చెప్పలేదేంటయ్యా?”

“మీరు చెప్తారని,” అన్నాడు.

బకెట్టు నింపుకుని కారు కడిగాడు. కీర్తన అతనికి కాఫీ తనే తెచ్చి ఇచ్చింది. తర్వాత వెంకట్రావుకి ఫోను చేసి, పాలిష్ కోసం ఒకరోజు ఎక్కువ పెట్టుకోమని, మూడేళ్ళది చాలని చెప్పి, పూత పడేదాకా ఉప్పుగాలికి కారు తియ్యనంటూ రైలుకి రేపల్లె వెళ్ళిపోయింది.