పాలచెంబు మీద పెట్టని చెయ్యి

ఈ రోజుల్లో మైకు పట్టుకున్నవాడల్లా నాయకుడే. వాడి మెడలో దండలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. అయినా నాయకుడంటే ఎవరో నాకు తెలుసు. ఒకాయన్ని దగ్గరగా చూశాను. ఆయన మా మేనమామ, నేను పెరిగింది ఆయన ఇంట్లోనే.

ఉప్పుగూడలో మాది పాలవాళ్ళ వాడ. పొద్దున్నే బర్రెలను తోలుకుని చార్మినార్ వెనక గల్లీలకు వెళ్ళి, వాడుక ఇళ్ళ గుమ్మాల ముందే పాలు పితికి ఇచ్చేవాళ్ళం. నీళ్ళు కలపలేదని కళ్ళారా చూస్తే గానీ ఆ ఇళ్ళవాళ్ళు గిన్నె పట్టేవారు కాదు. మామ మా అందరికీ పెద్దమనిషి. మా కొట్టాలను ఊరి బయటికి తరిమేయాలని సర్కారువాళ్ళు పట్టుబడితే, నయాపూల్ దగ్గరి కచేరీకి నడిచి వెళ్ళి, గొంతు పెంచకుండా మాట్లాడి, కొట్టాలను నిలబెట్టి వచ్చాడు. పంచాయితీలో అందరూ అరిచి అలిసిపోయాక నోరు విప్పేవాడు. తీర్పు చెప్పేముందు లేచి వెళ్ళి, ఓడిపోబోయే వాడి పక్కన కూర్చునేవాడు.

మాలో ఒక కట్టుబాటు ఉండేది. వాడంతా ఒక మాట అనుకుంటే, మధ్యలో పాలచెంబు పెట్టి, ఒక్కొక్కరే దాని మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయాలి. వేయనివాడికీ, వేసి తప్పినవాడికీ వాడలో నిప్పు ఉండదు, నీళ్ళు ఉండవు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, మా నగరానికి ఇంకా రాని రోజులవి. మూసీ అవతలి నుంచి ఒక నాయకుడు వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, మంచి గొంతు. మంచం మీద నిలబడి, సర్కారు దిగొచ్చేదాకా చార్మినార్ గల్లీలకు పాలు బంద్ చేయమన్నాడు. మా కుర్రకారు ఊగిపోయింది. పాలచెంబు తెచ్చి పెట్టారు.

మామ చెయ్యి చాచలేదు.

"గా ఇండ్లల్ల సంటిపోరగాండ్లు ఉన్నరు. ఆళ్ళకు సర్కార్ అంటే ఏందో ఎర్కనా? కొట్లాట పెద్దోళ్ళతోని పెట్టుకోండ్రి, నేను ముంగట నడుస్త. పాలు మాత్రం ఆపకుండ్రి."

"మామకు నవాబుల దేవిడీల నుంచి షేర్వానీ వస్తున్నట్టుంది," అన్నాడు మా పక్కింటివాళ్ళ కొడుకు. అందరూ నవ్వారు.

"వస్తే నీకే ఇస్త బిడ్డా, నీ పెండ్లికి అక్కరకొస్తది," అని మామ కూడా నవ్వాడు. "గని ఒక మాట. బంద్ అని మనుషులకు చెప్తిరి. బర్రెలకు ఎవలు చెప్పాలె?"

ఆ పూటే ఆయన్ని వెలివేశారు. అత్త బావికి వెళ్ళి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. మామ మాత్రం తన బర్రెను తోలుకుని గల్లీలకు వెళ్తూనే ఉన్నాడు. ఒకరోజు మా వాడ మలుపులోనే చెవి వెనక రాయి తగిలింది. నెత్తురు తుడుస్తూ, "ఎవలు కొట్టిండ్రు మామా?" అని అడిగాను.

"మనోళ్ళే. ఊకో, అత్తకు చెప్పకు."

ఇక మావాళ్ళ తెలివి చూడండి. పాలు అమ్మబోమని ఒట్టు వేశారు. నేల మీద పారబోయడం మాకు పాపం. అందుకని అసలు పితకడమే మానేసి, దూడలు తాగుతాయిలే అని వదిలేశారు. పట్నపు కొట్టాల్లో దూడలు బతికేదే తక్కువ. పొదుగులు రాళ్ళలా గట్టిపడ్డాయి. బర్రెలు దగ్గరికి రానివ్వలేదు, మేత ముట్టలేదు. పక్కింటివాళ్ళ బర్రె కూలబడిపోయింది. ఆ ఇల్లాలు మా గుమ్మం ఎదుట నిలబడి ఏడుస్తోంది గానీ, వెలివేసినవాణ్ణి పిలిచే ధైర్యం లేదు.

మామ పిలవకుండానే వెళ్ళాడు. వేడినీళ్ళు కాచి, గుడ్డ తడిపి, పొదుగుకు కాపడం పెట్టి, మెల్లగా పితికాడు. ముందు నెత్తురు గడ్డలు పడ్డాయి. చాలాసేపటికి పాలు పడ్డాయి. వాడంతా చుట్టూ మూగింది.

"ఊకే సూస్తరేంది, పోయి పిండుండ్రి. పిండి గల్లీలకు తోలుండ్రి. ఒట్టు తప్పిన పాపం నా నెత్తి మీద ఎయ్యుండ్రి."

పితికారు. పాలు మళ్ళీ చార్మినార్ చేరాయి. ఆ నాయకుడు వచ్చి, ఒట్టు తప్పించింది ఎవరని గద్దించాడు. ఎవరి బర్రె లేచి నిలబడిందో ఆ పక్కింటి కొడుకే మామ వైపు వేలు చూపించాడు. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. నేను నోరు తెరవబోతే మామ నా మణికట్టు నొక్కి పట్టుకున్నాడు.

"నేనే సాబ్," అన్నాడు.

బంద్ పోయింది గానీ ఆయన మీది వెలి పోలేదు. దాన్ని ఎత్తేయమని నేను ఇంటింటికీ తిరిగాను. ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి నిమ్మళంగా చెప్పాడు: "మీ మామ మంచోడే తమ్మీ. గని తప్పు ఎవలో ఒకల మీద ఉండాలె కద."

ఆ వానాకాలంలోనే మామ పోయాడు. పాడె మోయడానికి భుజాలు చాలక బండి కట్టాం.

రాజ్యం మారాక ఆ ఇస్త్రీ బట్టలాయన పెద్ద పదవులు చూశాడు. ఆయనతో నాకు తగాదా లేదు. నా తగాదా మావాళ్ళతో. మొన్న ఒక సభలో పక్కింటి కొడుకు, ఇప్పుడు నాలాగే ముసలివాడు, కుర్రవాళ్ళకు చెబుతున్నాడు: "పెద్దమనిషి అంటే మా మామ. మేమంత ఆయన మాట మీదనే నడిచినం."

నేను దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఆయన పోయిన్నాడు నువ్వు ఏడున్నవ్ భాయ్?"

"ఊర్లె లేకుంటి," అన్నాడు.

ఉన్నాడు. బండి వాళ్ళ ఇంటి ముందు నుంచే వెళ్ళింది. తలుపు సందులోంచి చూస్తున్న ఆ కళ్ళను నేను చూశాను.