జంగమ్మ చెప్పిన బరువు

"నా మనవడు పుట్టినప్పుడు మూడు కిలోలున్నడంటే నమ్మవేంది, సిస్టరమ్మా?"

"నమ్ముతానండీ. అంత బరువుంటే ఈ కంటి పరీక్ష అక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లండి," అంది నర్సు కావేరి.

ఇంటికి పొమ్మన్నా శంషాబాద్ దవాఖాన వరసలోంచి జంగమ్మ కదలకపోవడం, ఆమెను తుక్కుగూడ నుంచి ఆటోలో తెచ్చిన పాండు చూశాడు. పక్కింటివాడు కాబట్టి ఆమె సంగతంతా అతనికి తెలుసు. దిష్టంటే ఆమెకు ప్రాణభయం. బర్రె బిందెడు పాలిస్తే చెంబెడే అంటుంది. విమానం తల మీదుగా పోతే అందులోవాళ్ల కళ్లు పడతాయని ఆ చెంబు మీద కొంగు కప్పుతుంది. అన్నిటినీ తగ్గించి చెప్పే ఆ నోరు మనవడి బరువును మాత్రం పెంచేసింది. ఏడో నెలలోనే పుట్టి, కిలోంబావు తూగి, అద్దాలపెట్టెలో ఆక్సిజన్‌తో బతికిన పిల్లవాడని తెలిస్తే ఊరు నవ్వుతుందని ఆమె బాధ. ఆ ఊరి ఆడవాళ్లు ఇద్దరు వరసలో వెనకే ఉన్నారు, చెవులు రిక్కించుకుని.

"నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టి, ఆక్సిజన్ మీద ఉన్న పిల్లలకే ప్రమాదమమ్మా," అంది కావేరి. "కంటి లోపలి రక్తనాళాలు సరిగా పెరగవు. ఇప్పుడు చూడకపోతే చూపే పోవచ్చు. అందుకే బరువు అన్నిసార్లు అడిగాను."

జంగమ్మ గుడ్డల్లోని మనవడి ముఖం చూసుకుంది. వెనక వాళ్లనీ చూసింది. పాండు చొక్కా పట్టి దగ్గరకు గుంజింది.

"అసలు బరువు నువ్వే చెప్పు బిడ్డా, నా నోట్లకెళ్లి వస్తలేదు. జర గట్టిగనే చెప్పు, ఆళ్లు ఇంటే ఇననీ."