విమానం పోనియ్యి బిడ్డా

మా చిన్నప్పుడు విమానం వస్తే ప్రార్థన కూడా ఆగేది...

మేం ఉండేది శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కన, కొత్వాల్‌గూడ వైపు. మా మందిరం ఒక రేకుల షెడ్డు. ఆదివారం పాస్టరయ్య కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ వారమంతా మమ్మల్ని..." అంటుండగా నెత్తి మీదుగా విమానం దిగేది. రేకులు వణికేవి. ఆయన ఎత్తిన చేయి దించకుండా అలాగే ఆగిపోయేవారు. మోత తగ్గాక "...చల్లగా కాపాడావు" అని, సరిగ్గా వదిలిన మాట దగ్గరే అందుకునేవారు.

ఆ మధ్యలో నేను ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. కొంగులు, చున్నీలు కప్పుకున్న తలలు... గాలిలో వేలాడుతున్న సగం వాక్యం... మాటల మీద ఇష్టం నాకు బహుశా అక్కడే మొదలైంది.

ఇంట్లోనూ అదే పద్ధతి. అన్నం ముందు ప్రార్థన ఇంట్లో చిన్నవాళ్లే చేయాలి. మా ఇంట్లో చిన్నదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ కంచాల్లో వేడి అన్నం, పచ్చిపులుసు వడ్డించి కొంగు తల మీదికి లాక్కునేది. బాపు ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు ఎత్తే పని చేస్తాడు, డ్యూటీ బట్టలతోనే కూర్చునేవాడు. నేను ఆమెన్ అనేదాకా ఎవరూ ముద్ద ముట్టేవారు కాదు.

నేనేమో రోజుకో కొత్త మాట కలిపేదాన్ని. కృప, కనికరము, సమృద్ధి... మందిరంలో విన్న పెద్ద పెద్ద మాటలన్నీ తెచ్చి పచ్చిపులుసు మీద కుమ్మరించేదాన్ని.

"జర జల్ది కానియ్యవే, బస్సు పోతది" అనేవాడు బాపు. అమ్మ కళ్లు తెరవకుండానే ఆయన మోకాలి మీద ఒకటి వేసేది.

ఒకసారి ఆకలికి ఆగలేక, విమానం మోతలోనే గబగబా ముగించి ఆమెన్ అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"విమానం పోనియ్యి బిడ్డా. మోతల మాట్లాడితె ఎట్ల?"

"దేవునికి అన్నీ వినవడతయి కదమ్మా?"

"ఆయనకు వినవడతది. నీ మాట ఆయన వినాలె అని నీకుండాలె కద."

డిగ్రీకి వచ్చాక నా నమ్మకం పోయింది. ఏ గొడవా జరగలేదు. ఎవరూ చనిపోలేదు. ఒక ఆదివారం విమానం వచ్చి అందరూ ఆగినప్పుడు, అవతల వినేవారెవరూ లేరేమో అనిపించింది. విమానం పోయింది. ఆ ఆలోచన పోలేదు. దానితో నెలల తరబడి పెనుగులాడాను... చదివాను, నాతో నేనే వాదించుకున్నాను. చివరికి ఉండబట్టలేక అమ్మకు చెప్పేశాను.

పాస్టరయ్య ఇంటికి వచ్చారు. ఆయనది గుంటూరు వైపు. ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతారు.

"నిన్నెవరు చెడగొట్టారమ్మా?"

"ఎవ్వరు లేరయ్యగారూ. నేనే ఆలోచన చేసుకున్న."

"అదేనమ్మా. ఒంటరిగా ఆలోచించకూడదు."

మందిరంలో మైకులో నా పేరు చెప్పి ప్రార్థన చేయించారు. చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న అక్కలు ఇప్పుడు దారిలో కనిపిస్తే విశ్వాసులకు చెప్పే వందనాలు నాకు చెప్పడం లేదు. "మంచిగున్నవా" అంటున్నారు, చావు ఇంటికి వచ్చినప్పుడు మాట్లాడినంత మెల్లగా. వాళ్లు చెడ్డవాళ్లు కారు. అదే నాకు ఎక్కువ బాధ.

పక్కింటి లక్ష్మమ్మత్త మాత్రం సంబరపడింది. "మంచి పని చేసినవ్ పిల్లా. ఇగ బోనాలకు మాతోని రా."

"నేను అది గూడ నమ్మ అత్తా."

ఆమె బియ్యం చెరుగుతున్న చాటను ఒళ్లోకి దించుకుంది. "గట్లయితే ఇంకేం మిగిలింది పిల్లా నీకు?"

నేను ఆ చాటలోంచి రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.

అమ్మ మాత్రం ఎప్పటిలాగే అన్నం పెట్టి, కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. నా కోసం ఎదురుచూసింది. అన్నం చల్లారిపోయింది. అమ్మకు షుగర్ ఉంది, తిన్నాకే గోలీ వేసుకోవాలి. "నేను చేస్తలే" అని బాపు అంటే తల అడ్డంగా ఊపింది.

"అదే చెయ్యాలె. అది చేస్తెనే తింట."

మర్నాడూ అంతే. మధ్యాహ్నానికి అమ్మ చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికాయి. ఆ చేతులు చూడలేక నేను కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. కృప, కనికరము, సమృద్ధి... మాటలన్నీ వచ్చాయి. చిన్నప్పటికంటే అందంగానే వచ్చాయి. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి అమ్మ నావైపే చూస్తోంది.

"విమానం పోయింది బిడ్డా."

"ఏ విమానం?"

"గిప్పుడే. మన ఇంటి మీదికెల్లి. నువ్వు ఆగలే."

నేను విననే లేదు.

"నా కోసం గిట్ల చెయ్యకు" అంది. గోలీ కోసం రెండు ముద్దలు తింది, ఏడుస్తూ. నేను చేసిన ప్రార్థనకు కాదు, నేనిక చేయలేనని తెలిసిపోయి తింది.

ఆ రోజు నుంచి అమ్మ నాతో కూర్చుని తినడం మానేసింది. నా కంచం ముందుగదిలో, అమ్మ కంచం వంటింట్లో. తలుపు అవతల ఆమె మెల్లగా ప్రార్థిస్తుంటే మధ్య మధ్య నా పేరు వినిపిస్తుంది. విమానం వస్తే ఆమె ఆగుతుంది. నేనూ నోట్లో ముద్దతో ఆగిపోతాను... ఆ కాసేపే మేమిద్దరం కలిసి ఒకదాని కోసం ఎదురుచూస్తాం.

విమానం పోతుంది. అమ్మ వదిలిన మాట దగ్గరే అందుకుంటుంది. నేను అందుకోవడానికి ఏ మాటా లేదు.

చిన్నప్పుడు మీ ఇంట్లో అన్నం ముందు ఎవరు ప్రార్థన చేసేవారు? ఇప్పటికీ అందరూ ఒక్కచోటే కూర్చుని తింటున్నారా... తింటుంటే రాయండి. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒకే గదిలో తినే ఇల్లు ఎక్కడైనా ఉందని తెలిస్తే చాలు నాకు.