గ్రహాంతర జంతువు కరిస్తే పావుగంట సబ్బుతో

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో నేనూ నా రూమ్మేటూ ప్రాజెక్టుగా ఒక వీడియో గేమ్ చేశాం. గుడివాడలో మా అద్దె గదిలో ఉన్న ఒకే ఒక్క పాత కంప్యూటరు మీద, ఫ్యాను దానివైపు తిప్పి, మేం చెమటలు కక్కుతూ. గేమ్‌లో ఒక వ్యోమగామి వేరే గ్రహం మీద దిగుతాడు. అక్కడ ఆరు కాళ్ళ జంతువులుంటాయి. అవి కరిస్తే మూడు సెకన్లలో రక్తం నీలంగా మారి మనిషి టపాకాయలా పేలిపోతాడు. ఆ పేలుడు బొమ్మలకే మాకు నెల పట్టింది.

మా గైడు మేష్టారు చూసి, "అంతా బాగుందమ్మా, ఆ జబ్బే నమ్మేలా లేదు. ఎవరైనా వైద్యం తెలిసినవాళ్ళని అడిగి రిపోర్టులో ఒక పేజీ రాయండి," అన్నారు.

వైద్యం తెలిసినవాళ్ళంటే నాకు బందరులో మా మేనత్త ఒక్కతే. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచీర కూడా మార్చుకోకుండా మేం కాగితాల మీద గీసి తెచ్చిన బొమ్మలు ముందేసుకుని కూర్చుంది.

"ఇదేంటే, మూడు సెకన్లా? తేలు కుట్టినా విషం ఎక్కడానికి కాస్త టైము పడుతుంది."

"వేరే గ్రహం కదత్తా."

"గ్రహమేదైతే ఏం, కరిచింది మనవాణ్ణేగా? పైగా పేలిపోవడమేంటి? మనిషి పేలిపోతే ఆ జబ్బు తర్వాత ఎక్కడికెళ్ళాలి? దానికీ బతుకుతెరువుండాలిగా!"

నా రూమ్మేటు నోట్సు రాసుకోవడం మొదలుపెట్టింది.

"అసలు ఆ జంతువు జబ్బు మనిషికెందుకు అంటుకుంటుంది? మొన్న కొక్కెర తెగులొచ్చి మా పెరట్లో కోళ్ళన్నీ పోయాయి. పాతిపెట్టింది నేనే. నాకేమైనా అయిందా?"

మా మొహాలు చూసి జాలిపడినట్టుంది. "సరే, పిచ్చికుక్క జబ్బు మనుషులకీ వస్తుంది కాబట్టి, ఆ రకం అనుకుందాం. కరవగానే మీవాడేం చేశాడు?"

"దాన్ని కాల్చేశాడండీ," అంది నా రూమ్మేటు గర్వంగా.

"చంపేశాడా!" అత్త లేచి నిలబడింది. "కరిచినదాన్ని కట్టేసి పది రోజులు కనిపెట్టి చూడాలమ్మా. చంపేస్తే ఇంకేం తెలుస్తుంది? పోనీ, కరిచిన చోట కడిగాడా?"

కడగలేదని ఒప్పుకున్నాం.

"సబ్బు రాసి, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట. తర్వాత సూదిమందు."

"గేమ్‌లో పావుగంటంటే కష్టమత్తా. పదిహేను సెకన్లు పెడతాంలే."

"నీ ఇష్టం. నేను చెప్పానని మాత్రం రాయకు."

ఆవిడ పేరు లేకపోతే ఆ పేజీ లేదు. అందుకని పావుగంటే పెట్టాం. తుపాకీ తీసేసి వ్యోమగామి చేతికి పలుపుతాడూ సబ్బుబిళ్ళా ఇచ్చాం. పేలుడు తీసేసిన రోజున నా రూమ్మేటు అన్నం తినలేదు.

వైవాకి వేరే కాలేజీ నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినరుగా వచ్చారు. నవ్వని మనిషి. కూర్చుని ఆట మొదలుపెట్టిన నిమిషానికే జంతువు ఆయన వ్యోమగామి పిక్క పట్టుకుంది. తెర మీద కుళాయి వచ్చింది. ఆయన మీటలన్నీ నొక్కి చూశారు.

"కదలడేంటమ్మా?"

"కడుక్కుంటున్నాడండీ."

"ఎంతసేపు?"

"ఇంకో పద్నాలుగు నిమిషాలండీ."

గైడు మేష్టారు ఫ్యానువైపు చూస్తూ ఉండిపోయారు. ఇంకో నాలుగు నిమిషాలుందనగా కరెంటు పోయింది. వచ్చాక ఆట మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ కరిచింది. మళ్ళీ కుళాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆయన మాత్రం గొంతు తగ్గించి అడిగారు. "నిజంగానే ఇంతసేపు కడగాలా? పసుపు పెడితే చాలదా?"

"చాలదండీ. మా అత్తయ్య నర్సండీ, ఆవిడే చెప్పారు."

ఆయన అటూ ఇటూ చూసి ఎడమకాలి ప్యాంటు పైకి మడిచారు. పిక్క మీద రెండు పంటిగాట్లు, వాటి చుట్టూ పచ్చగా పసుపు. "మొన్న మా పక్కింటివాళ్ళ కుక్కపిల్ల... చిన్నదేనమ్మా, ఆడుకుంటూ పట్టింది."

నా రూమ్మేటు పరిగెత్తి క్యాంటీన్లో గిన్నెలు తోమే సబ్బు తెచ్చింది. ల్యాబు బయట కుళాయి కింద ఆయన కాలు పెట్టారు, నేను వాచీ చూస్తూ నిలబడ్డాను. ఖాళీగా ఉండటం ఆయనకి అలవాటు లేనట్టుంది, అక్కడి నుంచే మమ్మల్ని ప్రశ్నలడిగారు. అన్నిటికీ జవాబు చెప్పలేకపోయినా, సబ్బు చేతిలో ఉన్నవాళ్ళతో ఆయన గట్టిగా మాట్లాడలేదు. తర్వాత గైడు మేష్టారు ఆయన్ని స్కూటరు మీద ఎక్కించుకుని సూదిమందుకి గుడివాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మాకు మంచి మార్కులే వచ్చాయి.

వారం తర్వాత బందరు వెళ్ళి అత్తకి ఇదంతా చెప్పాను. మార్కుల సంగతి ఆవిడ చెవిన పడలేదు.

"కుక్కపిల్ల ఎలా ఉందంట?"

తెలీదన్నాను. తెలుసుకునేదాకా అన్నం పెట్టనంది. వీధి చివర ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, గైడు మేష్టారికి ఫోన్ చేసి, ఆయన దగ్గర నంబరు తీసుకుని, ఎగ్జామినరుగారింటికి చేశాను. ఆయనే ఎత్తారు. కుక్కపిల్లకేం, దివ్యంగా ఉందమ్మా అన్నారు. పొద్దునే ఆయన చెప్పు ఒకటి తినేసిందట.