తడిగుడ్డ చుట్టిన కుండ

మా వదినకు ఇన్సులిన్ ఆపించింది మా అమ్మ. మంచిపని చేశావని తలూపింది మా వీధి. గత బుధవారం వదిన పోయింది, కడుపులోని ఏడో నెల బిడ్డతో సహా. దేవుని చిత్తం అన్నారు పాస్టరు గారు. నేను ఒప్పుకోను.

వదినకు చిన్నప్పటి నుంచే షుగరు. పెళ్లయ్యాక మిరపచేలో ఆడవాళ్లు "ఇంకా విశేషం లేదా?" అని పొడుస్తుంటే, "ముందు నా రక్తం చక్కబడాలి పిన్నీ. ఇల్లు ఊడవకుండా చుట్టాన్ని పిలుస్తానా?" అనేది. షుగరు అదుపులోకి వచ్చింది, ఇక పర్లేదు అని డాక్టరమ్మ చెప్పేదాకా ఆగింది.

మాకు ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసాను డబ్బాలో పెట్టి, డబ్బాను మట్టికుండలో దించి, కుండకు తడిగుడ్డ చుట్టేది. కోతలప్పుడు ఆ కుండ చేనుగట్టుకు వచ్చేది. ఎంత కడుక్కున్నా వేళ్ల కారం పోదు. రక్తం చూసుకోవడానికి వేలు పొడుచుకుంటే భగ్గున మండేది.

"ఇంత కారంలో బతికినా నా ఒంట్లో తీపి చావదేంటయ్యా? నీ కరపత్రాల్లో రాయలేదా?" అని నన్ను ఏడిపించేది. ఊరి సంగతుల మీద కరపత్రాలు రాసి పంచే నేను ఉడుక్కునేవాణ్ణి.

ఆ సోమవారం అన్నా నేనూ గుంటూరు మిర్చి యార్డుకు కాయలు తీసుకెళ్లాం. ఇంట్లో వదినకు వాంతులు పట్టుకున్నాయి. తర్వాత జరిగింది పక్కింటి పిన్ని చెప్పింది.

"తిండే లేదు, సూదెందుకే? కళ్లు తిరిగి పడతావు. బిడ్డకు తగులుద్ది" అందట అమ్మ.

"తిండి లేకపోయినా సూది మొత్తానికి మానకూడదత్తమ్మా. ఆసుపత్రికి పోదాం పదండి."

"ముగ్గుర్ని కన్నాను. నాకే చెప్పొస్తావా!"

అమ్మ కుండ తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది. కడుపు చలవకని చలిమిడి కలిపి నోట్లో పెట్టింది. ప్రేమగానే పెట్టింది. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మంగళవారం రాత్రి మేం తిరిగొచ్చేసరికి వదిన ఊపిరి కొలిమితిత్తిలా ఎగిసిపడుతోంది. ఆసుపత్రి గుమ్మం దాటాక మళ్లీ మాట్లాడలేదు.

కుండ ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. అమ్మ పొద్దున్నే లేచి గుడ్డ తడుపుతుంది. ఆరితే మళ్లీ తడుపుతుంది. "ఎవరికమ్మా?" అని అరిచాను. "ఎండ ముదురుతోందిరా. మందు పాడైపోద్ది" అంది.

ఈ ఆదివారం ఉదయం ఏడింటికి, ప్రార్థనకు ముందు, చర్చి ఎదుటి పందిట్లో కూడుకుందాం. సూది ఎందుకు మానకూడదో చెప్పడానికి ఆసుపత్రి నర్సమ్మ వస్తానన్నారు. షుగరున్న కోడళ్లు ఒంటరిగా రావద్దు, అత్తల్ని వెంటబెట్టుకుని రండి. బిడ్డ కావాలనుకుంటున్నవాళ్లు కడుపు రాకముందే రండి.

అమ్మ కూడా వస్తానంది. కుండ తనే మోసుకొస్తుందట, గుడ్డ తడిపి.