గుంత బిళ్ల

దగ్గరికి రాండి, చాప మీద చోటుండాది, కాళ్లు చాపుకొని కూచోండి. మొన్న హిందూపురంలో నేను చేసొచ్చిన పని వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం కోపం లేదు. చెల్లెలి ఇంట్లో సీమంతానికి పోయి తిరిగొస్తా, బజారులో బొమ్మల అంగడి ముందర నిలబడినాను. ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఇండ్లూ బస్సులూ కట్టుకునే ప్లాస్టిక్ బిళ్లల డబ్బాలు అద్దం వెనకాల పేర్చిపెట్టినారు. లోపలికి పోయి, "ఏమప్పా, గుంత బిళ్ల వచ్చిందా?" అని అడిగినాను. అంగడాయన కండ్లద్దాలు పైకి తోసుకొని, "అదేం బిళ్లవ్వా?" అన్నాడు. "కింద పెడితే నేలకు గుంత పడే బిళ్ల" అన్నాను. ఆయన "ఇంకా రాలేదవ్వా, వస్తే మొదట నీకే ఇస్తా" అని మర్యాదగా పంపినాడు. మా ధర్మవరంలో దిగేదాకా బస్సులో నాలో నేనే నవ్వుకుంటా ఉన్నాను.

ఆ బిళ్ల కోరింది మా మనవరాలు. మా పెద్దోడు ఎర్రమంచి కాడ కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాండాడు, పెనుకొండలో బాడుగింట్లో కాపురం. పోయిన ఎండాకాలం సెలవులకు కూతుర్ని మా దగ్గర దింపిపోయినాడు. ఆ పిల్ల ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో బిళ్లల డబ్బా పట్టుకొని పెనుకొండలో బయలుదేరింది. బట్టల సంచి ఆటోలో మర్చిపోయింది గానీ డబ్బాను మాత్రం వదల్లేదు.

మా ఇంట్లో అడుగు పెడితే మొదట కనపడేది మగ్గమే. దేవుని పటం కూడా దాని వెనకాలే. గుంత మగ్గం అంటారు దాన్ని. నేసేటాయన నేల అంచున కూచొని, కాళ్లు గుంతలోకి దింపి, అడుగున ఉండే చెక్కలు తొక్కుతా పట్టుచీర నేస్తాడు. మా ఇంటాయన మీసం రాకముందు దింపిన కాళ్లు అవి. పోయిన ఏడు మోకాళ్లు పట్టేసినాయి. దిగేటప్పుడు ఎట్లనో జారి దిగుతాడు, ఎక్కేటప్పుడే తిరునాళ్ల. ఈ రెక్క నేను, ఆ రెక్క పక్కింటాయన పట్టుకొని లాగాల. "బావా, తేరు కదిలింది, కొబ్బరికాయ కొట్టండి" అని పక్కింటాయన దినామూ ఎగతాళి. డాక్టరు మాత్రం ఎగతాళిగా చెప్పలేదు. గుంతలోకి దిగొద్దు, దిగితే ఉన్న నడక కూడా పోతాదన్నాడు.

దీనికి మందు మా పెద్దోడు ఎప్పుడో చెప్పినాడు. మగ్గాన్ని దిమ్మెల మీదికి ఎత్తి, కూచునేదానికి బల్ల వేస్తే, దిగేదీ ఎక్కేదీ ఉండదు. ఊళ్లో చానామంది అట్ల మార్చుకున్నారు. మా ఆయన వింటేనా? "బల్ల మీద కూచొని పని చేసేదానికి నేనేమన్నా టైలరునా?" అన్నాడు. గుంతలో చల్లదనం ఉంటాది, దారం తెగదు, పైన యాడ ఉంటాదని ఇంకో మాట. కొడుకు బతిమాలినాడు, కోడలు బతిమాలింది, నేను రెండు దినాలు మాట్లాడటం మానుకున్నాను. అది ఆయనకు సుఖంగానే ఉన్న మాదిరి కనపడి మళ్లీ మాట్లాడినాను. కడాకు ఆయనే, "మగ్గానికి ఎక్కించిన ఈ పడుగు నేసేది అయిపోనీ, ఆమీట చాలించుకుంటా" అన్నాడు. ఆ మాట అన్న నాటినుంచి సంగటి ముద్ద సగం వదిలేస్తా వచ్చినాడు. మగ్గం ఆగిపోతే ఆ మనిషి ఏమవుతాడో అని నాకు లోపల ఒకటే గుబులు.

మనవరాలికి ఇవేమీ తెలీవు. "తాతా, నీ మగ్గం కడతా చూడు" అని మగ్గం పక్కనే బిళ్లలు పోసుకొని కూచునింది. ఎర్రబిళ్లలతో నాలుగు గుంజలు లేపింది, పచ్చబిళ్లలతో పైన దూలం వేసింది, తెగిపోయిన పట్టుదారాలు ఏరుకొచ్చి పడుగు కట్టింది. డబ్బాలో ఒక బొమ్మ మనిషి ఉన్నాడు, వానికి కాటుకతో మీసం పెట్టి తాతను చేసింది. కూచోబెట్టబోతే వాని కాళ్లు నేలకు తగులుకొని ముందుకు చాపుకున్నాయి. డబ్బా అంతా బోర్లించి వెదికింది.

"అవ్వా, అన్ని బిళ్లలూ పైకే పోతాండాయి. కిందికి పోయేది ఒక్కటీ లేదు."

వాళ్ల నాయనకు ఫోన్ చేయించింది. "అట్లాంటి బిళ్ల ఇంకా చేయలేదమ్మా" అన్నాడు వాడు.

"నువ్వు ఫ్యాక్టరీలోనే ఉండావు కదా, చేపియ్యి."

"మాది కార్ల ఫ్యాక్టరీ తల్లీ."

"కార్లకు గుంతలుండవా?"

"కార్లకు ఉండవు, రోడ్లకు ఉంటాయి" అన్నాడు మా ఆయన మగ్గంలోనుంచి. చానా దినాలకు ఆయన నోట ఎగతాళి మాట వినపడింది.

ఇంక ఆ దినమంతా మా ఇంట్లో లేని బిళ్లల కోరికలే. పొద్దున తొక్కితే కాలికి గుచ్చుకోకుండా ఇడ్లీ మాదిరి మెత్తగా ఉండే బిళ్ల కావాలన్నాను నేను. పక్కింటాయన పెండ్లామేమో, నోటికి పెడితే మొగుడు మాట్లాడకుండా ఉండే బిళ్ల కోరింది. నేను ఊరుకోక, సంగటి ముద్దను బొటనవేలితో నొక్కి, ఆరబెట్టి గుంత బిళ్ల చేసిచ్చినాను. భలే కుదిరింది, బొమ్మ తాత కాళ్లు దింపుకొని దర్జాగా కూచున్నాడు. మధ్యాన్నం అందరం కునుకు తీసి లేచేసరికి పక్కింటి కోడి వచ్చి గుంతను పొడుచుకొని తినేసి ఉండాది.

పిల్ల ఏడుస్తాదనుకున్నాను. ఏడవలేదు. గుంజల కింద ఇంకా బిళ్లలు ఎక్కించి తన బిళ్లల మగ్గాన్నే పైకి లేపింది. పొడుగు బిళ్లతో బల్ల కట్టి బొమ్మను దాని మీద కూచోబెట్టింది. కాళ్లు కిందికి చక్కగా వేలాడినాయి.

"తాతా, నేల మీద బాధపడొద్దు. గుంత బిళ్ల వచ్చేదాకా ఈడ కూచో. వచ్చినాక మళ్లా దిగుదువులే."

మా ఆయన గుంతలోనుంచే చెయ్యి చాపి, ఆ బొమ్మ కాళ్లను వేలితో ఊపి చూసినాడు. సాయంత్రం నేనూ పక్కింటాయనా లాగి పైకి చేర్చినాక, చెమట తుడుచుకుంటా, "మీ పెద్దోనికి ఫోన్ చెయ్యి" అన్నాడు. "గుంత బిళ్ల వచ్చేదాకానే అని గట్టిగా చెప్పు."

ఆ ఆదివారమే వాడు వడ్రంగాయన్ను తోడు పిలుచుకొని వచ్చినాడు. దిమ్మెలు లేచినాయి, బల్ల వచ్చింది, చల్లదనానికి కింద తడి గోనెసంచులు పరిచినారు. మా ఆయన బల్ల మీద కూచొని, కాళ్లు వేలాడేసి, చెక్క తొక్కి చూసినాడు. మనవరాలు వచ్చి పక్కనే ఎక్కి కూచునింది. గుంతలో ఒక్కరికే చోటుండె, బల్ల మీద ఇద్దరికుండాది. ఆ పడుగు అయిపోయింది. ఇంకోటి ఎక్కించినాడు, ఆమీట ఇంకోటి. ఎవరన్నా అడిగితే, "ఇదేం శాశ్వతం కాదు" అంటాడు, దబ్బనం మాదిరి నిటారుగా కూచొని.

కాలం మన దగ్గరుండేవి తీసుకొనిపోతాదని నేను ఎప్పుడూ గొణుగుతా ఉంటి. ఇంకా రాని దాన్ని చూపించి నిలబెడతాది కూడా అని ఈ వయసులో తెలిసింది. మీ ఇంట్లో పని చేసే చేతులు సల్లగుండాల, ముసలోళ్ల పక్కన ఎక్కి కూచునే పిల్లలుండాల, మీ పొయ్యి మీద సంగటి ఎప్పుడూ ఒక ముద్ద ఎక్కువే ఉండాల.