మంగళంతో మొదలైన భజన

ఆ రోజుల్లో నాకు భక్తి తక్కువ, బెంగ ఎక్కువ. తాటిపాకలో గ్యాస్ పని నేర్చుకున్న పుణ్యానికి నన్ను దేశం చివర, కొండల మధ్య ఉన్న ఓ ఊరికి పంపించారు. తెలుగు వినబడక చెవులు తుప్పు పట్టిపోతున్న దశలో, ఒకనాడు కూరల బజారులో నా వెనక ఎవరో ఫోనులో “ఆయ్... ఆయ్... అలాగేనండి” అన్నారు. చేతిలో వంకాయలు వదిలేసి ఆయన వెంటపడ్డాను. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు తెప్పించి అమ్మే పెద్దమనిషి. (ఆ క్షణం నుంచి మావయ్యగారు.) ఆయన ద్వారా ద్రాక్షారామం పిన్నిగారు, ఆవిడ ద్వారా ఇంకొన్ని కుటుంబాలు దొరికాయి. మావాళ్ళు నలుగురు చేరితే ఊరుకుంటారా? శనివారం భజన పెడదామన్నారు.

చోటు కావాలి కదా. పిన్నిగారు అద్దెకుండే ఇంటావిడ, హిందీ మాట్లాడే పెద్దావిడ, కింద ఖాళీ గది చూపించి, “ఒక్క శనివారం చూస్తాను. భజన నిజంగా జరిగితే గది మీది. లేదంటే దర్జీకి ఇచ్చేస్తాను” అంది. (ఇదివరకు ఎవరో భజన పేరు చెప్పి పేకాడారట.) ఆ గది పోతే మళ్ళీ ఎవరి కొంపలో వాళ్ళం. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

శనివారం వచ్చింది. పటం, దీపం, పులిహోర, గుట్టగా కొబ్బరికాయలు, అన్నీ సిద్ధం. ఇక ఎవరో ఒకరు పాట అందుకోవడమే తరువాయి.

“పిన్నిగారూ, తవరు కానివ్వండి” అన్నారు మావయ్యగారు.

“పెద్దవారు తవరుండగా నేనేంటండి” అన్నారు పిన్నిగారు.

“ఆయ్, నాదేవుందండి. అబ్బాయిగారిది లేత గొంతు, వారు అందుకుంటారు.”

“మీ ముందు నేనా అండి” అన్నాను నేను.

ఆ మర్యాద అలా గదంతా తిరుగుతూనే ఉంది. పైన ఇంటావిడ ఎంతసేపు చెవులు రిక్కించినా చప్పుడు లేదు. అనుమానం వచ్చి దిగివచ్చింది, వెనకాలే మెడలో టేపుతో దర్జీ.

“ఇదేం భజన? పేకలు ఎక్కడ దాచారు?” అని చాప కొస ఎత్తి చూసింది. దర్జీ అప్పుడే కిటికీ కొలుస్తున్నాడు.

నాకు మతిపోయింది. మా అమ్మ పాడే మంగళహారతి ఒక్కటే వచ్చు, కళ్ళు మూసుకుని అదే ఎత్తుకున్నాను. మంగళం చెవిన పడగానే మావాళ్ళందరూ అలవాటుగా లేచి నిలబడ్డారు. పిన్నిగారు కర్పూరం వెలిగించారు, మావయ్యగారు కాయ కొట్టారు. ఇంటావిడ హారతి కళ్ళకద్దుకుని తాళంచెవి నా చేతిలో పెట్టింది.

“మంగళం పాడేసేక మనం ఇంకేం పాడతావండి” అని పిన్నిగారు గొణిగారు. మొదలవకుండానే అయిపోయిన ఆ భజనకి పులిహోర మాత్రం మిగల్లేదు. దర్జీ కూడా మారు వడ్డించుకున్నాడు.

పై శనివారం ఇంటావిడ అందరికంటే ముందొచ్చి కూర్చుని, “ముందు ఆ పాట” అంది. అది చివర పాడేదని ఆవిడకి చెప్పే ధైర్యం మాలో ఎవరికుంది? అదే ఆనవాయితీ అయిపోయింది.

ఇప్పుడు నేను అమలాపురంలో, నెరిసిన గడ్డంతో. మొన్న అక్కణ్ణించి ఓ కుర్రాడు ఫోను చేశాడు. ఇంటావిడ పోతూ పోతూ గది భజనకే వదిలేసిందట. జనం పట్టక వరండాలో కూడా కూర్చుంటున్నారట.

“మంగళం ముందు పాడే సంప్రదాయం పెట్టింది తవరేనంట కదండి. దాని అంతరార్థం చెప్తే మేం కొత్తోళ్ళకి చెప్పుకుంటావండి” అన్నాడు.

దర్జీని చూసి వణికిపోతూ, శ్రుతీ తాళం లేకుండా అరిచిన ఆనాటి కుర్రవెధవ, అంటే నేనే, ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

“చాలా లోతైన విషయం అండి, తీరిగ్గా చెప్తాను” అని ఫోను పెట్టేశాను.